బాబాయి ఎడమచేత్తో ఎందుకు విసురుతాడు?

పిల్లలూ,

మొన్న ఏడుపెంకులాటలో బాబాయిని చిత్తుగా ఓడించామని సందు చివరిదాకా కేకలేసుకుంటూ వెళ్లారు. గెలుపు మీదే, కాదనను. అయితే ఆడేటప్పుడు మీ కళ్లన్నీ బంతి మీదా పెంకుల మీదా ఉంటాయి. అరుగు మీద కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు ఇంకొన్ని కనిపించాయి. అవి చెబుదామనే ఈ ఉత్తరం.

బాబాయిది కుడిచేతివాటం. క్యారమ్స్‌లో అతని దెబ్బ చూశారుగా! మీతో ఆడేటప్పుడు మాత్రం బంతి ఎడమచేతిలోకి మారుతుంది. విసిరేది మోకాళ్ల కిందికే. ఎనిమిదో క్లాసు వాళ్లకు కాస్త గట్టిగా తగులుతుంది, ఒకటో క్లాసు బుడ్డదాని దగ్గరికి నేల మీద దొర్లుకుంటూ వస్తుంది. మొన్న అది ఐదు పెంకులు పేర్చి ఆరోది జారవిడిచినప్పుడు, "బంతి ఎక్కడ పడిందర్రా?" అని బాబాయి కాలవలోకి వంగి తెగ వెతికాడు గుర్తుందా? బంతి అతని లుంగీ మడతలోనే ఉంది.

చిన్నవాళ్లను ఆటలో అరటిపండు చేసేస్తే మీకు గొడవ వదులుతుంది. అతను దానికి ఒప్పుకోడు. అరటిపండు ఎప్పటికీ ఔటవదు, ఔటవకపోతే ఇక మజా ఏముంది? అందుకే బుడ్డదాన్నీ ఔట్ చేస్తాడు. ఏడిస్తే కాసేపు ఏడవనిస్తాడు. తర్వాతి ఆటలో మొదటి బంతి దానికే ఇస్తాడు.

వాన పడిన రోజు మా అరుగు మీద అష్టా చెమ్మా ఆడతారు కదా, అక్కడ చూడండి అతని అసలు రూపం! దయాదాక్షిణ్యాలు ఉండవు. కన్నకొడుకు కాయైనా సరే, పండే ముందు గడిలో దొరికితే చంపేస్తాడు. ఎందుకంటే పరుగులో మీరు అతనికి సాటి రారు గానీ, చింతపిక్కలకు పెద్దా చిన్నా తెలియదు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎవరు వేసినా అంతే. పందెం సమానంగా ఉన్నచోట తగ్గి ఆడితే అది మిమ్మల్ని చిన్నచూపు చూడటమే. నా లెక్క ఇది, అతన్నడిగితే నవ్వేసి ఊరుకుంటాడు.

ఇంకో సంగతి. మీలో ఒకడి నాన్న కువైట్‌లో ఉన్నాడు. ఇక్కడ సాయంత్రం ఆరైతే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఆయనకు సెలవున్న శుక్రవారం నాడు బాబాయి ఫోన్‌లో వీడియో కాల్ కలిపి మా కిటికీ ఊచలకు ఆనించి పెడతాడు. ఔటా కాదా అని తగువొస్తే ఆయనే అంపైర్. మొన్న సొంత కొడుకునే ఔటన్నాడు, ఆ ముక్కుసూటితనం నాకు నచ్చింది.

ఇవన్నీ ఖాళీగా ఉన్న మనిషి చేసే పనులనుకోకండి. ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగమంటే పొద్దస్తమానం నిలబడే పని. నైటవుట్, అంటే రాత్రి ఇంటికి రాకుండా చేసే డ్యూటీ, చేసి వచ్చిన రోజు అతని కాళ్లు ఎలా లాగుతుంటాయో మీ పిన్నికి తెలుసు. అన్నట్టు, అతను మీతో ఆడే ఆ గంటలో పొయ్యి దగ్గర ఉండేది పిన్నే. ఆదివారం ఆమెనూ పిలవండి. తొక్కుడుబిళ్ళలో మీరెవరూ నిలవలేరు, ముందే చెబుతున్నా.

ఆటలెందుకు, చదువుకోండి అని ఎవరైనా కసిరితే ఒక మాట చెప్పండి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆట పిల్లల హక్కు అంటుంది. 1992లో మన దేశమూ సరేనంది. 2024 నుంచి ఏటా జూన్ 11ని పిల్లల ఆట కోసమే కేటాయించారు కూడా. కాగితం మీద హక్కు బాగానే ఉంది, మన సందులో దాన్ని అమలు చేస్తున్నది మాత్రం ఒక కండక్టరు.

అతనికి థ్యాంక్స్ చెప్పమని నేననను, సిగ్గుపడి లోపలికి పోతాడు. ఆటయ్యాక పెంకులూ బంతీ ఏరి మీరే మా అరుగు కింద పెట్టండి. నైటవుట్ మర్నాడు పదకొండు దాకా తలుపు కొట్టకండి. ఇక ఎడమచేతి సంగతి తెలిసిపోయింది కాబట్టి, మీలో పెద్దవాళ్లు ఈసారి కుడిచేత్తో వెయ్యమని అడగండి. దెబ్బలు తగిలితే నా దగ్గరికి రావద్దు.

ఇట్లు,
అరుగు తాతయ్య