కమాను కిర్రుమంటే నూనె ఎక్కడ పోయాలి?

1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారుకు కమానులు రెండే. ముందొకటి, వెనకొకటి, రెండూ బండికి అడ్డంగా ఉంటాయి. మన లారీల కింద ఉండే కమాను కట్టల్లాగే ఇవీ ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలే. ఈ కారుకు ఫ్యాక్టరీలో షాక్ అబ్జార్బర్లు బిగించలేదు. గుంతలో పడి లేచాక ఊపు ఆపాల్సింది ఆ పట్టీల మధ్య రాపిడే. అందుకని కిర్రుమనగానే కట్టంతా నూనెతో తడపకండి. చప్పుడు పోతుంది గానీ బండి పడవలా ఊగుతుంది. పైగా నూనెకు దుమ్ము అంటుకుని సానరాయిలా పట్టీల్ని అరగదీస్తుంది.

ముందు చోటు తేల్చుకోవాలి. ఒకరు బండి మూలను నొక్కి వదులుతుంటే, మరొకరు పట్టీల కొనల మీద, కమాను కొనల్ని పట్టి ఊగే లంకెలైన షాకిళ్ల మీద విడివిడిగా నీళ్లు చల్లాలి. ఎక్కడ తడిపితే కిర్రు ఆగిందో లోపం అక్కడే. టక్‌టక్‌మంటే మాత్రం నూనెతో పనికాదు. షాకిల్ పిన్నో, ఆ పిన్ను కూర్చునే గొట్టం లాంటి బుష్షో అరిగి ఉంటుంది, లేదా కట్టను పట్టుకున్న బోల్టులు వదులై ఉంటాయి. అలా వదిలేస్తే పట్టీలు నడుమ రంధ్రం దగ్గరే విరుగుతాయి.

కిర్రు ఎక్కువగా పట్టీ కొనల్లో పుడుతుంది. పొట్టి పట్టీ అంచు పక్కనున్న పొడుగు పట్టీని కరుచుకుంటుంది, బలం పెరగగానే జారుతుంది, మళ్లీ కరుచుకుంటుంది. అక్కడ వేలితో తుడిస్తే ఎర్రటి తుప్పు పొడి అంటుతుంది. దాని అడుగున మెరిసే గాడి కనిపిస్తుంది. గాడి లోతుగా ఉంటే కట్ట విప్పి, అంచును ఆకురాయితో గుండ్రంగా చేసి, వైరు బ్రష్షుతో తుప్పు వదిలించి, గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయాలి. పూత అద్దినట్టుండాలి, ముద్దలా కాదు. నూనె పిండుకుపోయినా గ్రాఫైట్ పొరలు లోపలే నిలుస్తాయి. ఉక్కును మంటతో కాల్చకూడదు, పదును పోతుంది. మోడల్ టీ కమాను బండి ఎత్తినా బిగువుగానే ఉంటుంది. కమానును సాగదీసి పట్టి ఉంచే స్ప్రెడర్ అనే పనిముట్టు లేకుండా షాకిల్ విప్పితే ప్రాణాల మీదికొస్తుంది.

షాకిల్ పిన్నుల సంగతి వేరు. వాటికి నూనె ధారాళంగా కావాలి. చాలామంది చేసే పొరపాటు, బండి చక్రాల మీద నిలబడి ఉండగానే నూనె పోయడం. బరువు మోసే వైపు పిన్ను బుష్షుకు గట్టిగా అదుముకుని ఉంటుంది. అరిగేదీ ఆ వైపే, నూనె చేరనిదీ ఆ వైపే. ఇరుసు కింద కాకుండా ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, దిమ్మలు ఆనించి, చక్రాలు వేలాడుతుండగా నూనె పోయాలి. గ్రీజు గన్ను పట్టే బండ్లలో పాత నల్లటి గ్రీజు పోయి కొత్తది రెండు పక్కలా బయటికొచ్చేదాకా కొట్టాలి. ఒక పక్కే వస్తే లోపలి గాడి పూడుకుపోయినట్టు. పిన్ను తీసి కిరసనాయిలుతో కడగాల్సిందే.

1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ కారుకు హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు ఇచ్చారు కాబట్టి, ఊపు ఆపే భారమంతా పట్టీల మీద లేదు. తర్వాతి కార్లలో రబ్బరు బుష్షులొచ్చాయి. వాటికి గ్రీజు, ఇంజన్ ఆయిలు తగలకూడదు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ బుష్షు బోల్టును బండి నేల మీద, పూర్తి బరువు మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే దించినప్పటినుంచీ రబ్బరు మెలిపడి ఉండి, త్వరగా చిరుగుతుంది.