మిషిగన్‌లో గవర్నర్ ఉత్తర్వులు, 28 రోజుల తగువు

2020 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో, తుపాకులు భుజాన వేసుకున్న నిరసనకారులు చట్టసభ భవనంలోకి వచ్చారు. చాలామందికి గుర్తుండిపోయింది ఆ దృశ్యమే. అసలు తగువు మాత్రం సభ లోపల, గడువు గురించి. గవర్నర్ గ్రెచెన్ విట్మర్ విధించిన కోవిడ్ ఎమర్జెన్సీ ఆ రోజుతో ముగియాలి. పొడిగించడానికి రిపబ్లికన్ల చేతిలో ఉన్న సభలు ఒప్పుకోలేదు. డెమోక్రాట్ అయిన విట్మర్ కొత్త ఉత్తర్వులిచ్చి ఎమర్జెన్సీని కొనసాగించారు.

అక్కడి గవర్నర్‌ని మన రాజ్‌భవన్ గవర్నర్‌తో పోల్చుకోకూడదు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న మనిషి, అధికారాల్లో మన ముఖ్యమంత్రికి దగ్గర.

విట్మర్ ధైర్యానికి ఆధారం 1945 నాటి చట్టం. అంతకు రెండేళ్ల ముందు, 1943 జూన్‌లో, డెట్రాయిట్‌లో జాతి ఘర్షణలు చెలరేగి 34 మంది చనిపోయారు. ఫెడరల్ సైన్యం దిగాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత వచ్చిన చట్టం గవర్నర్‌కి విస్తారమైన అధికారాలిచ్చింది కానీ, అవి ఎప్పుడు ముగియాలో చెప్పలేదు. ఎమర్జెన్సీ అయిపోయిందని గవర్నరే ప్రకటించాలి. అల్లర్లంటే నాలుగు రోజుల్లో సద్దుమణిగేవి కదా, గడువెందుకు అనుకున్నారేమో!

1976లో మరో చట్టం వచ్చింది. ఇందులో గడువుంది: 28 రోజులు దాటితే సభల ఆమోదం కావాలి. చిక్కేమిటంటే, కొత్తది తెచ్చినవాళ్లు పాతదాన్ని రద్దు చేయలేదు. ఒకదానికి తాళం, ఇంకొకదానికి తలుపే లేదు. 44 ఏళ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

నిజానికి గవర్నర్ ఉత్తర్వును సభలు తిప్పికొట్టే దారి మిషిగన్‌కి కొత్త కాదు. ప్రభుత్వ శాఖలను పునర్వ్యవస్థీకరించే ఉత్తర్వు చట్టంలో మార్పు కోరితే, దాన్ని తిరస్కరించడానికి 1963 నాటి మిషిగన్ సొంత రాజ్యాంగం సభలకు 60 రోజులు ఇస్తుంది. ఎవరూ పెద్దగా వాడని ఆ అధికారాన్ని 2019 ఫిబ్రవరిలో బయటికి తీశారు. పర్యావరణ శాఖను మారుస్తూ విట్మర్ ఇచ్చిన ఉత్తర్వును రెండు సభలూ తిరస్కరించాయి. ఆమె అభ్యంతరం వచ్చిన భాగాన్ని సవరించి మరొకటి ఇచ్చారు, అది నిలిచింది. నా లెక్కలో పర్యవేక్షణ అంటే ఇలా ఉండాలి. గడువు ముందే తెలుసు, ఎవరేం చేయాలో తెలుసు, కోర్టు మెట్లెక్కే పనిలేదు.

కోవిడ్ విషయంలో అలా కుదరలేదు. అత్యవసరం కాని వైద్యాన్ని ఆపిన ఉత్తర్వుపై కొన్ని వైద్య సంస్థలు, మోకాలి శస్త్రచికిత్స ఆగిపోయిన ఒక రోగి ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. అక్కడి జడ్జి, ముందు రాష్ట్ర చట్టం సంగతి తేల్చమని మిషిగన్ సుప్రీంకోర్టును అడిగారు. 2020 అక్టోబర్ 2న తీర్పు వచ్చింది. ఏప్రిల్ 30 తర్వాత 1976 చట్టం కింద గవర్నర్‌కి అధికారం లేదని ఏడుగురు జడ్జీలూ ఒకే మాట చెప్పారు. 1945 చట్టం దగ్గర మాత్రం 4-3గా చీలిపోయారు. శాసనాధికారాన్నే గవర్నర్‌కి అప్పగిస్తోంది కాబట్టి అది చెల్లదన్నది మెజారిటీ మాట.

అప్పటికే ఆ చట్టం రద్దు కోరుతూ 'అన్‌లాక్ మిషిగన్' సంతకాల ఉద్యమం నడుస్తోంది. 3,40,047 సంతకాలు కావాలి, అంతకన్నా ఎక్కువే తెచ్చారు. పౌరుల పిటిషన్‌గా వచ్చిన చట్టాన్ని సభలు ఆమోదిస్తే గవర్నర్‌కి వీటో ఉండదు. 2021 జులైలో అలాగే 1945 చట్టం పోయింది.

ఇంతా చేస్తే, సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే రాష్ట్ర ఆరోగ్య శాఖ మాస్కుల మీద, జనం గుమికూడటం మీద తన సొంత ఉత్తర్వులు ఇచ్చేసింది. వాటికి ఆధారం ప్రజారోగ్య చట్టం. దాని మూలాలు 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాతి రోజుల్లో ఉన్నాయి. అందులోనూ సభలు ఆమోదించాల్సిన గడువేమీ లేదు. అన్‌లాక్ మిషిగన్ వాళ్లు రెండో పిటిషన్ మొదలుపెట్టారు. ఈసారి ఆరోగ్య శాఖ ఉత్తర్వులకు వాళ్లు అడిగిన గడువు కూడా 28 రోజులే.