ఎర్రదీపం వేసుకుని వేటాడే చేప

సముద్రపు లోతుల్లో ఉండే రొయ్యలు చాలావరకు ఎర్రగా ఎందుకుంటాయి, దాక్కోవాల్సిన జీవికి అంత కొట్టొచ్చే రంగేమిటి అని ఒక పాఠకుడు అడిగారు. అక్కడ ఎరుపంటే నలుపే! ఎండలోని ఎర్రకాంతిని నీరు పైపైనే పీల్చేస్తుంది. లోతుకు దిగేది నీలికాంతి. అక్కడి జీవులు సొంతంగా వెలిగించే దీపాలూ ఎక్కువగా నీలివే. చాలా చేపల కళ్లకు ఆనేదీ 480 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యానికి కొలత) దరిదాపుల్లోని ఆ నీలమే. నీలివెలుగులో ఎర్ర రొయ్య చీకట్లో కలిసిపోతుంది.

ఈ ఎత్తును చిత్తు చేసిన చేప మలకోస్టియస్ నైజర్. జానెడుకు కాస్త మించిన నల్లటి ఒళ్లు, సూదుల్లాంటి పళ్లు. కింది దవడ ఎముకల మధ్య చర్మమే ఉండదు, నోటికి అడుగే లేదు! అందువల్ల దవడ విసిరినప్పుడు నీరు అడ్డుపడదు. కంటి వెనక నీలిదీపం, కంటి కింద ఎర్రదీపం. ఎర్రదీపం మీద గోధుమరంగు పొర వడపోతలా పనిచేసి, 700 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపునే బయటికి వదులుతుంది. ఆ వెలుగు నీటిలో ఎంతో దూరం పోదు. అయితేనేం, ఆ కాస్త మేరలో ఎదుటి జీవి కనిపిస్తుంది, దానికి మాత్రం తన మీద వెలుగు పడుతున్న సంగతే తెలియదు.

అసలు అద్భుతం కంటి లోపల ఉంది. ఈ చేప దృష్టి వర్ణకాలు, అంటే కంటిలో కాంతిని పట్టే పదార్థాలు, బాగా పట్టేది 520, 540 నానోమీటర్ల దగ్గరి కాంతిని. అంటే ఆకుపచ్చ కాంతిని. మరి తన ఎర్రదీపం తనకెలా కనిపిస్తోంది? 1998లో శాస్త్రవేత్త రాన్ డగ్లస్ బృందం ‘నేచర్’ పత్రికలో జవాబు ప్రకటించింది: కంటి వెనక కాంతిని పట్టే పొర అయిన రెటీనాలో పత్రహరితం నుంచి పుట్టిన పదార్థం ఉంది! అది 670 నానోమీటర్ల ప్రాంతంలో ఎర్రకాంతిని పట్టి, దృష్టి వర్ణకాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆకులోనూ అంతే: చుట్టూ ఉన్న పత్రహరితం అణువులు కాంతిని పట్టి, ఆ శక్తిని అసలు రసాయన చర్య జరిగే కేంద్రానికి అందిస్తాయి. పత్రహరితం మొక్కకు అన్నం వండుతుందని ఒక్క వాక్యంతో పాఠం ముగించే ఉపాధ్యాయులు ఈ చేప గురించి కూడా చెప్పాలని నా కోరిక.

జంతువులు పత్రహరితాన్ని తయారు చేసుకోలేవు. మరి చేపకెక్కడిది? 2005లో ట్రేసీ సటన్ అనే పరిశోధకుడు ఈ చేపల కడుపుల్లో ఏముందో పరిశీలించారు. అంత నోరున్న వేటచేప ఎక్కువగా తినేది కోపిపాడ్లనే చిన్న జీవులను! సముద్రంలోని పచ్చటి సూక్ష్మజీవుల వర్ణకం ఆహారపు గొలుసులో కోపిపాడ్ల ద్వారానే ఈ చేప కంటికి చేరుతోందని ఆయన ఊహ. 2006లో మరికొందరు పరిశోధకులు పత్రహరితం నుంచి తీసిన క్లోరిన్ ఇ6 అనే పదార్థాన్ని (క్లోరిన్ వాయువు కాదు) బల్లిలా కనిపించే ఉభయచరమైన సాలమాండర్ కంటి కణాలకు అందిస్తే, వాటికీ ఎర్రకాంతిని పట్టే శక్తి పెరిగింది.