జలుబుకి భయపడతారు, బకెట్‌కి భయపడరు

పర్లాకిమిడిలో చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. పెరట్లో ఇసక తొట్టి, నీళ్ల టబ్బు పెట్టిన దగ్గర్నుంచి గేటు దగ్గర ఒకటే పాట. మొన్న ఒక నాయనమ్మ ఎండాకాలంలో మనవడికి స్వెటర్ తొడిగి తెచ్చింది. "నీళ్లల్లో ఆడించకండమ్మా, గుంటడికి జలుబు సేసేస్తది." జలుబు వైరస్ వల్ల వస్తుంది. పక్క పిల్లాడి ముక్కులోంచి వస్తుంది గానీ టబ్బులోంచి రాదు. తడి బట్టలు మారిస్తే చాలు.

నాకు నిద్ర పట్టనివ్వని అపోహ వేరే ఉంది. "లోతెక్కడుంది, జానెడు నీళ్లే కదా!" జానెడు దాకా ఎందుకు, రెండంగుళాల నీళ్లు చాలు. ఏడాది, రెండేళ్ల పిల్లలకి ఒంటికి తలే బరువు. బకెట్‌లోకి వంగి తలకిందులైతే తమంతట తాము లేవలేరు. "పడితే అరుస్తాడు, వినిపిస్తుంది" అనేది ఇంకా ఘోరం. ముక్కూ నోరూ మునిగాక అరుపెక్కడిది?

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. బడి పెట్టిన మొదటి వేసవి. ఆట అయిపోయింది. "పాణి, పాణి" అని నీళ్ల కోసం మారాం చేస్తున్న పిల్లల్ని లోపలికి పంపి మగ్గులు కడుగుతున్నాను. టబ్బు అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. ఏడాదిన్నర బాబు ఎప్పుడు వెనక్కొచ్చాడో, పసుపు కప్పు అందుకోబోయి ముందుకు పడ్డాడు. చప్పుడే లేదు. ఆయమ్మ చూసి చొక్కా పట్టి లేపింది. వాడు దగ్గి, ఏడిచేదాకా నా చేతిలో మగ్గు అలాగే ఉంది.

అప్పట్నుంచి టబ్బు దగ్గర కూర్చున్న మనిషికి ఇంకో పని లేదు, ఫోన్ అసలు లేదు. చెయ్యి చాపితే పిల్లాడు అందాలి. ఆట అవగానే ముందు టబ్బు బోర్లిస్తాం, మగ్గుల సంగతి తర్వాత. కొళాయి రాదని మీరు బాత్‌రూంలో నింపుకునే బకెట్లకి మూతలుండాలి, తలుపుకి పైన గడియ ఉండాలి. టబ్బు గోడలు రుద్దడం మానకండి. డెంగీ దోమ గుడ్లు అక్కడే అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి.

ఇసకంటారా, ఏటి ఇసక జల్లించి, కడిగి, ఎండబెట్టండి. క్రషర్ పొడి వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పిల్లులకి అదే మరుగుదొడ్డి, దాంతోపాటే నులిపురుగుల గుడ్లూ. కంట్లో ఇసక పడితే నలపకుండా నీళ్లతో కడగండి. చిటికెడు తిన్నాడని ఏడుస్తూ పరుగెత్తుకురాకండమ్మా, ఏమీ కాదు. రోజూ వెతుక్కుని మరీ తింటుంటే మాత్రం డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఐరన్ తక్కువై ఉండొచ్చు.