లా చదవని మేజిస్ట్రేట్లు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో మేజిస్ట్రేట్‌గా ఉన్నానంటే మనవాళ్లు మొదట అడిగేది, "లా ఎప్పుడు చదివారండీ?" అని. చదవలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో మేజిస్ట్రేట్లు జీతం తీసుకోని మామూలు పౌరులు. క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా తేలిపోయేది వారి కోర్టుల్లోనే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ శ్వేతజాతేతరులు సుమారు 18 శాతం. 2017లో న్యాయవ్యవస్థలో మైనారిటీ జాతుల స్థితిపై బ్రిటిష్ ఎంపీ డేవిడ్ లామీ నివేదిక వచ్చేనాటికి మేజిస్ట్రేట్లలో వారు 11 శాతమే. ఆ వెలితికి కారణాలు చాలా ఉన్నాయి. నాకు తరచూ ఎదురయ్యేవి మాత్రం ఈ అపోహలు.

అపోహ: చట్టం తెలియనివాళ్లు అక్కడ కూర్చుని ఏం చేస్తారు?

ఇండియాలో కోర్టు మేజిస్ట్రేట్ అంటే లా పట్టా, పోటీ పరీక్ష. ఇక్కడ సాధారణంగా ముగ్గురం కలిసి విచారిస్తాం. చట్టం ఏమంటుందో చెప్పడానికి పక్కనే లీగల్ అడ్వైజర్ ఉంటారు. శిక్షలకు మార్గదర్శకాలున్నాయి. చిన్న నేరానికి జరిమానా అంటే దోషి వారపు ఆదాయంలో సగంతోనో, పూర్తి ఆదాయంతోనో లెక్క మొదలవుతుంది. కొత్తవారికి శిక్షణ ఇస్తారు, మెంటార్‌ను కేటాయిస్తారు. విగ్గు, గౌను ఉండవు.

అపోహ: మనవాళ్లకు మేలు చేయడానికే మనల్ని పిలుస్తున్నారు.

ఇది రెండు వైపులా వినిపిస్తుంది. కొందరు ఆశతో అంటారు, కొందరు ఎత్తిపొడుపుగా. రెండూ తప్పే. తెలిసిన మనిషి కేసు ఎదురైతే వెంటనే చెప్పి తప్పుకోవాలి. 1962లో నాటింగ్‌హామ్‌లో బ్రిటన్ తొలి నల్లజాతి మేజిస్ట్రేట్ అయిన ఎరిక్ ఐరన్స్ చేసిన ప్రమాణంలోనూ ఎవరిపట్లా భయం, పక్షపాతం చూపనన్న మాటే ఉంది.

మరి మనం ఉంటే ఒరిగేదేమిటి? లోపల జరిగిన చర్చ బయటపెట్టకూడదు కాబట్టి ఏ కేసూ చెప్పను. ఒక పరిస్థితి ఊహించండి. కుర్రవాడు తల దించుకుని, అడిగినదానికి నేల చూస్తూ జవాబిస్తున్నాడు. చూసేవారికి అది దాపరికంలా అనిపించవచ్చు. పెద్దల ముందు కళ్లెత్తి మాట్లాడవద్దని చెప్పే ఇంట్లో పెరిగినవారికి అందులో అంత వింతేమీ కనిపించదు. వాడు నిర్దోషి అని దీనర్థం కాదు. ఆ చూపును సాక్ష్యంగా లెక్కవేయకూడదు, అంతే. ముగ్గురిలో ఒక్కరు ఆ మాట అన్నా చాలు, చర్చ సాక్ష్యాల మీదికి మళ్లుతుంది. మన యాస గురించి బెంగ పెట్టుకునేవారికి కూడా నా జవాబు ఇదే: స్పష్టంగా వినడం, అర్థమయ్యేలా చెప్పడం కావాలి. యాస ఏ ఊరిదైనా ఫరవాలేదు.

అపోహ: బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలి, క్రైస్తవులై ఉండాలి.

పౌరసత్వం తప్పనిసరి కాదు. అయితే రాజుకు విధేయులమని ప్రమాణం చేయడానికి సిద్ధపడాలి. దానికి మనసొప్పనివారు దూరంగా ఉండటమే మంచిది. ప్రమాణం భగవద్గీత మీద చేయవచ్చు, ఖురాన్ మీద చేయవచ్చు, ఏ మతగ్రంథమూ లేకుండానూ చేయవచ్చు.

అపోహ: రిటైరైనవాళ్ల వ్యాపకం.

18 నుంచి 74 ఏళ్ల లోపువారు దరఖాస్తు చేయవచ్చు, 75 వరకు కొనసాగవచ్చు. ఏడాదికి కనీసం 13 రోజులు కేటాయించాలి. 1996 ఉద్యోగ హక్కుల చట్టం ప్రకారం యజమాని సహేతుకమైన సెలవు ఇవ్వాలి, కానీ ఆ రోజులకు జీతం ఇవ్వాలని లేదు. నష్టపోయిన ఆదాయాన్ని కోర్టు నుంచి ఒక పరిమితి వరకు కోరవచ్చు. ఐటీలో మంచి జీతం తీసుకునేవారికి అది పూర్తిగా పూడదు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

దరఖాస్తుకు ముందు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లి విచారణలు చూసి ఉండాలి. సందర్శకుల వరుసలో ఎవరైనా కూర్చోవచ్చు, రుసుము లేదు. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు.