పప్పుకో అన్నం, చారుకో అన్నం

విశాఖలో ఏ మెస్‌కి వెళ్లినా, ఎవరింట్లో కంచం ముందు కూర్చున్నా వరస ఒకటే. పప్పుతో కాస్త అన్నం, కూరతో కాస్త, పులుసుతోనో చారుతోనో మళ్లీ కాస్త, చివర పెరుగన్నం. ఏ ఒక్కసారీ ఎక్కువ పెట్టుకున్నట్టు అనిపించదు. అన్నీ కలిపి తూస్తే మాత్రం 400 గ్రాముల అన్నం తేలిగ్గా లోపలికి పోయి ఉంటుంది. 100 గ్రాముల ఉడికిన అన్నంలో దాదాపు 130 క్యాలరీలు. అంటే ఒక్క పూట అన్నం నుంచే 500 పైచిలుకు. బరువు తగ్గాలనుకునేవాళ్లు మొట్టమొదట చూసుకోవాల్సింది ఈ వరసనే అని నా గట్టి నమ్మకం. స్వీట్లు, బజ్జీల సంగతి ఆ తర్వాత.

చాలామంది ఇక్కడ కాకుండా కడుపు మాడ్చుకోవడంతో మొదలుపెడతారు. పొద్దున టిఫిన్ మానేసి, రాత్రి ఒక పండుతో సరిపెట్టుకుంటారు. వారం తిరిగేసరికి రెండు కిలోలు తగ్గితే సంబరపడతారు. ఆ తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు ఉంటాయి. తిండి తగ్గగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు బయటికి పోతాయి. మళ్లీ మామూలుగా తింటే ఒకట్రెండు రోజుల్లోనే వెనక్కి వచ్చేస్తాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీల లోటు రావాలి. టిఫిన్ మానేసినంత మాత్రాన అది వారంలో తేలే పని కాదు.

పైగా శరీరం ఊరుకోదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంటాయి. దాని జన్యువును 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు దాన్ని కరువు వచ్చినట్టుగానే తీసుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒళ్లు ఖర్చు చేసే క్యాలరీలు తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో 50 మందిని కఠినమైన డైట్‌లో పెట్టి చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. డైట్ అయిపోయి ఏడాది గడిచినా వాళ్ల ఆకలి హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. అందుకే తగ్గిన బరువు మళ్లీ పెరిగినవాళ్లని ‘నోరు కట్టుకోలేడు’ అని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. వాళ్లు రోజూ పోరాడుతున్నది సొంత ఒంటితోనే. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న, బరువు తగ్గించే ఇంజెక్షన్లు పనిచేసేదీ ఈ ఆకలి మీదే. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఆపేసిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది.

కాబట్టి కరువు కబురు మెదడుకి గట్టిగా వినిపించకుండా, నెమ్మదిగా, ఎప్పటికీ కొనసాగించగలిగే మార్పు కావాలి. అది వంటింట్లో బియ్యం కొలిచే గ్లాసు దగ్గర మొదలవ్వాలి. రాత్రికి మూడు గ్లాసులు పోసే ఇంట్లో రెండే పోస్తే, రెండోసారి వడ్డించుకోవడానికి కుక్కర్లో అన్నం ఉండదు. కంచం ముందు కూర్చున్నాక చేయి కట్టేసుకోవడం కంటే ఇది ఎంతో సులువు. తగ్గిన గ్లాసు చోటు కూరతో నిండాలి. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి వెళితే ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర ఉండనే ఉంటాయి. బీరకాయలో 100 గ్రాములకి 20 క్యాలరీలు కూడా ఉండవు. కడుపు మాత్రం నిండుతుంది.

ఇక్కడ మన వంటతో ఒక చిక్కుంది. కూరలో ఉప్పూ కారం మనం అన్నంలో కలుపుకునే లెక్కన వేస్తాం. ఒట్టి కూర గిన్నెలో వేసుకుని తినమంటే నాలుగు ముద్దలు దాటవు, నాలుక మండిపోతుంది. ‘కూరలు ఎక్కువ తినండి’ అన్న సలహా మన ఇళ్లలో బోర్లా పడేది ఇక్కడే. ఉప్పూ కారం సగానికి తగ్గించి, నూనె చెంచాతో కొలిచి వేస్తేనే కూరని కూరలా తినగలుగుతాం. నూనె సీసాతో నేరుగా మూకుట్లో వంపితే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే 120 క్యాలరీలు, దాదాపు ఓ గరిటెడు అన్నంతో సమానం.

వరస మార్చడం వల్లా లాభం ఉంది. ముందు ఓ గిన్నెడు కూర, కాస్త గట్టి పప్పు తినేసి, ఆ తర్వాత అన్నం కలుపుకోవాలి. న్యూయార్క్‌లో టైప్ 2 డయాబెటిస్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాల వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలు, కోడిమాంసం ముందు తిని, పావుగంట ఆగి బ్రెడ్ తిన్న రోజున గంట తర్వాత రక్తంలో చక్కెర మూడో వంతుకు పైగా తక్కువగా కనిపించింది. చిన్న అధ్యయనమే, 2015 నాటిది. అయినా పైసా ఖర్చు లేని మార్పు.

రోజూ 200 గ్రాముల అన్నం తగ్గితే 260 క్యాలరీలు. బదులుగా వేసుకున్న కూర, పప్పు పోగా నికరంగా మిగిలేది ఇంకా తక్కువ. అంటే కిలో తగ్గడానికి నెలన్నరో రెండు నెలలో పట్టొచ్చు. మెల్లగానే ఉంటుంది, కానీ నిలుస్తుంది.

మాంసకృత్తుల విషయంలో విశాఖవాళ్లకి సముద్రం అండగా ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కానాగంతలు, కవ్వళ్లు, నెత్తళ్లు ఖరీదైన వంజరానికి ఏమాత్రం తీసిపోవు. 100 గ్రాముల చేపలో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంచుతుంది. వేపుడు కంటే పులుసు మేలు. చోడి (రాగి) అంబలి కూడా మంచిదే, అయితే కారణం సరిగ్గా తెలియాలి. చోళ్లలో క్యాలరీలు బియ్యం కంటే పెద్దగా తక్కువేం కాదు. రెండు మూడు చెంచాల పిండి చెంబెడు నీళ్లలో, మజ్జిగలో కలిసి కడుపు నింపుతుంది కాబట్టి అంబలి పనిచేస్తుంది. చిరుధాన్యాలు కదా అని కొర్రల బిర్యానీ ప్లేట్ల కొద్దీ తింటే బరువు తగ్గరు.

బీచ్ రోడ్డు నడక గురించి కూడా చెప్పుకోవాలి. 70 కిలోల మనిషి 4 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది 200 క్యాలరీల చుట్టుపక్కల. నడిచాక తిన్న ఉప్మా పెసరట్టు, కొబ్బరి చట్నీ, చక్కెర కాఫీ కలిపి 400 దాటిపోతాయి. అలాగని నడక మానకండి. షుగర్‌కి, బీపీకి, నిద్రకి అది మందు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా కాపాడేదీ అదే.

నిద్ర మాట వచ్చింది కాబట్టి, ఈ ఊళ్లో స్టీల్ ప్లాంట్ నుంచి పోర్టు దాకా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. తక్కువ నిద్రపోయే 80 మంది అమెరికన్లలో కొందరికి రాత్రి నిద్ర గంటకు పైగా పెంచితే, డైట్ ఊసే లేకుండా, మిగతావాళ్లతో పోలిస్తే రోజుకి సుమారు 270 క్యాలరీలు తక్కువ తిన్నారని 2022లో తేలింది. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లని పగలు నిద్రపోనివ్వడం ఇంట్లోవాళ్లు చేయగలిగిన పెద్ద సాయం.

‘నేను సన్నగానే ఉన్నాను కదా’ అనుకునేవాళ్లకి ఒక మాట. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. 2004లో ఇద్దరూ ఈ సంగతి తమ ఫొటోతో సహా లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. మనవాళ్లలో కొవ్వు పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ చేరడం ఎక్కువ. అందుకే కాటా కన్నా టేపు నయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి.

కొత్త పద్ధతి అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందని లండన్‌లో 96 మంది మీద పరిశీలిస్తే మధ్యస్థంగా 66 రోజులు తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ చెడలేదు. పెళ్లి భోజనంలో రెండు బూరెలు ఎక్కువ తిన్నా, మర్నాడు పొద్దున ఇడ్లీ మానేసి శిక్ష వేసుకోనక్కర్లేదు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు మాత్రం అన్నం తగ్గించే ముందే డాక్టర్‌కి చెప్పాలి. తిండి తగ్గి మందు పాత డోసులోనే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగి, డాక్టర్‌కి ఫోన్ చేయాలి.