అక్రాలో నెల రోజులు డోలు మోగదు: హొమోవో పండుగ వెనక కథ

ఘనా రాజధాని అక్రాలో ఏటా మే నెల వచ్చేసరికి నగరపాలక సంస్థ ఒక ప్రకటన చేస్తుంది. ఫలానా తేదీ నుంచి ముప్పై రోజులు డోలు మోగకూడదు. చర్చీలు, మసీదులు ప్రార్థనలు చేసుకోవచ్చు గానీ చప్పుడు గోడ దాటి బయటికి రాకూడదు, స్పీకర్లు వీధిలో పెట్టకూడదు. ప్రకటన రాగానే వాదన మొదలవుతుంది. మా దేవుణ్ణి కొలుచుకోవడానికి మీ పర్మిషన్ ఎందుకని ఒక పక్క అడుగుతారు. మా ఊరికొచ్చి స్థిరపడి, ఏడాదిలో ఒక్క నెల మా ఆచారాన్ని మన్నించలేరా అని రెండో పక్క అడుగుతారు. ఈ గొడవ మూలం తెలియాలంటే హొమోవో పండుగ గురించి తెలియాలి. అక్రా ఎవరి ఊరో కూడా తెలియాలి.

అక్రా ‘గా’ అనే జాతి వాళ్లది. గా మాషీ, ఒసు, లా, టెషీ, నుంగువా, టెమా అని సముద్ర తీరం వెంట వరుసగా ఆరు పాత పట్టణాలున్నాయి. ఈ ఆరూ వాళ్లవే. సముద్రంలో వేట, వెనకున్న మైదానంలో సేద్యం వాళ్ల జీవనాధారం. వలస వచ్చిన తొలిరోజుల్లో పూర్వీకులు భయంకరమైన కరువు చూశారని, తర్వాత పంట విరగకాసినప్పుడు ఆకలిని ఎగతాళి చేస్తూ తనివితీరా తిన్నారని పెద్దలు చెబుతారు. హొమోవో ఆ రోజు జ్ఞాపకమే. పండుగ వంట ఇప్పుడు మొక్కజొన్నతో చేస్తారు. కానీ ఆ పంట అమెరికా ఖండం నుంచి వచ్చింది, పశ్చిమాఫ్రికాకు చేరింది పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలయ్యాకే. అర్చకుల పాత క్రతువుల్లో చిరుధాన్యం విత్తడం ఉంది కాబట్టి, పండుగ మొక్కజొన్న కంటే పాతదే అయి ఉండాలని నాకనిపిస్తుంది.

నిశ్శబ్దం ఆ విత్తనాలతోనే మొదలవుతుంది. వులోమో అని పిలిచే అర్చకులు తమ దేవతల పేరిట ఒకరి తర్వాత ఒకరు గింజలు విత్తుతారు. మొలక భూమిని చీల్చుకుని పైకి వచ్చేదాకా దేవతలకు అలజడి ఉండకూడదనేది నమ్మకం. గడువు తీరాక ఒక క్రతువు జరిపి మళ్లీ డోలు మోగిస్తారు.

తేదీలు పట్టణాన్ని బట్టి మారతాయి. గా మాషీలో పండుగ ఆగస్టులో ఒక శనివారం వస్తుంది. అంతకు ముందు గురువారమే పల్లెల్లో ఉన్నవాళ్లు పంట సరుకు మోసుకుని పట్నం చేరుకుంటారు. శుక్రవారం కవల పిల్లల పండుగ. కవలలకు తెల్ల సుద్ద పూసి ఊరేగిస్తారు. ఇళ్లలో క్పోక్పోయి తయారవుతుంది. మొక్కజొన్న నానబెట్టి, పిండి పట్టించి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. తర్వాత పామాయిల్ పోసి, ముద్ద లేకుండా చేత్తో పొడిపొడిగా నలుపుతారు. పక్కన పామ్ కాయల రసంలో చేపల పులుసు. శనివారం రాజు ఊరంతా తిరుగుతూ ఆ క్పోక్పోయిని పిడికిళ్లతో నేల మీద చల్లుతాడు. అది చనిపోయిన పెద్దల వాటా. ఆ తర్వాతే బతికున్నవాళ్లు తింటారు. అదీ తండ్రి వైపు ఇంట్లో, ఒకే గిన్నె చుట్టూ కూర్చుని. చిన్నాపెద్దా తేడా ఆ పూట ఉండదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది మర్నాటి ఆదివారం. తెల్లవారుజామునే ఆ ఏడాది పోయినవాళ్లను తలుచుకుని ఇళ్లలో ఏడుస్తారు. ఆ దుఃఖం కాస్త తీరాక ఇల్లిల్లూ తిరిగి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పుకుంటారు, మాటల్లేని బంధువులు మాట కలుపుకుంటారు. ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, ఏ గొడవ ఎక్కడ ఆగింది, అన్నీ ఆ రెండు రోజుల్లో కుటుంబం మొత్తానికి తెలుస్తాయి. దూరాన ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సెలవు పెట్టుకుని మరీ వచ్చేది ఇందుకే.

ఇలాంటి పండుగ తగాదాగా ఎందుకు మారింది? 1877లో బ్రిటిష్ వాళ్లు గోల్డ్ కోస్ట్ (ఘనాకు అప్పటి పేరు) రాజధానిని కేప్ కోస్ట్ నుంచి అక్రాకు మార్చారు. అప్పటి నుంచి ఆఫీసులకు, బంగళాలకు, ఆ తర్వాత స్వతంత్ర ప్రభుత్వ అవసరాలకు గా కుటుంబాల ఉమ్మడి భూములు పోతూనే ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన 1957లోనే, కొన్ని నెలలకే గా షిఫిమో క్పే అనే సంస్థ పుట్టి భూముల గురించి, ఇళ్ల గురించి గట్టిగా నిలదీసింది. జాతి, మతం, ప్రాంతం పేరిట పార్టీలు పెట్టకుండా అదే ఏడాది డిసెంబరులో తొలి ప్రధాని ఎన్‌క్రుమా ప్రభుత్వం చట్టం తెచ్చింది. సంస్థకు తలుపు మూశారు గానీ భూముల బాధ తీరలేదు. ఇప్పుడు గా ప్రజలు సొంత నగరంలో మైనారిటీ.

1980ల నుంచి పెంటెకోస్టల్ చర్చీలు బాగా పెరిగాయి. వాళ్ల ఆరాధనలో డ్రమ్స్, మైకు, రాత్రంతా ప్రార్థన విడదీయలేని భాగం. 1998 మే నెలాఖరులో కోర్లే గోనో ప్రాంతంలోని ఒక పెద్ద చర్చి మీద యువకులు దాడి చేశారు, సామగ్రి ధ్వంసం చేశారు. 2001 దాకా అలాంటి ఘటనలు మళ్లీ మళ్లీ జరిగాయి. ఆ దాడులను ఏ ఆచారం పేరుతోనూ సమర్థించలేం. కానీ అవి వట్టి మతం గొడవలని కొట్టిపారేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. భూమి పోయాక, సంఖ్యాబలం పోయాక, ఊరంతటి మీదా గా పెద్దల మాట చెల్లేది ఆ ముప్పై రోజులే. దాన్నీ కాదన్నప్పుడు ఆ కుర్రాళ్లకు కోపం పాత లెక్కలన్నిటి మీదా వచ్చింది.

1992 రాజ్యాంగం రెండు పక్షాలకూ ఆధారం ఇస్తోంది. 21వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తుంది, 26వ అధికరణం సంస్కృతిని పాటించే హక్కు ఇస్తుంది. దాడుల తర్వాత చర్చి సంఘాలు, గా సంప్రదాయ మండలి, ప్రభుత్వం కూర్చుని మాట్లాడుకున్నాయి. ఇప్పటి ప్రకటనలో కనిపించే షరతులు అలాంటి రాజీల నుంచి వచ్చినవే. ఉల్లంఘనలు చూడటం ఇప్పుడు టాస్క్‌ఫోర్స్ పని, వీధి కుర్రాళ్లది కాదు. ఆ ఏర్పాటు వచ్చాక గొడవలు చాలావరకు తగ్గాయి. భూముల సంగతి మాత్రం వేరే దారిలో నడుస్తోంది. ప్రభుత్వం తీసుకున్న భూమిని చెప్పిన అవసరానికి వాడకపోతే, తిరిగి పొందే మొదటి అవకాశం పాత యజమానికే ఇవ్వాలని అదే రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది. గా కుటుంబాలు ఆ మాట పట్టుకుని ఇంకా అడుగుతూనే ఉన్నాయి.